గడప దాటని పిల్లికి ఏ టీకాలు కావాలి, ఏవి అక్కర్లేదు

అమ్మడూ,

నీ మెసేజ్ చదివాను. "పెద్దమ్మా, ఈ రెండు పిల్లులూ ఇంట్లోంచి కాలు బయట పెట్టవు కదా, డాక్టర్ గారేమో ఆరు టీకాల పేర్లు చెప్పారు, ఇవన్నీ నిజంగా వేయించాలా" అని అడిగావు. అన్నీ అక్కర్లేదమ్మా. అలాగని బయటికి పోదు కాబట్టి ఏమీ వద్దు అనుకోవడం కూడా కుదరదు. పిల్లి బయటికి వెళ్తుందా లేదా అన్నది సగం లెక్కే, బయటినుంచి ఇంట్లోకి ఏమొస్తోంది అన్నది మిగతా సగం. చెప్పులొస్తాయి, బ్యాగులొస్తాయి, వేరే పిల్లిని ముద్దు చేసిన చుట్టాలొస్తారు, ఎప్పుడో ఒకరోజు తలుపు తెరిచి ఉంటే అదే మెట్ల మీదకి పరిగెడుతుంది, జబ్బు చేస్తే క్లినిక్‌లో పది జంతువుల మధ్య కూర్చోవాల్సి వస్తుంది. ఇవన్నీ కలిపి చూసుకోవాలి.

ముందు త్రీ-ఇన్-వన్ సంగతి. పాన్‌ల్యూకోపీనియా, హెర్పిస్, కాలిసి, ఈ మూడింటికీ కలిపి ఒకటే ఇంజెక్షన్. దీని విషయంలో మాత్రం నాతో బేరం పెట్టకు, ఇంట్లో పిల్లైనా వీధి పిల్లైనా ఇది వేయించాల్సిందే.

ఎందుకంటే పాన్‌ల్యూకోపీనియా చాలా మొండి వైరస్. కుక్కలకొచ్చే పార్వో ఉంది చూడు, దానికి దగ్గరి చుట్టం. జబ్బు పిల్లి ఒక గదిలో ఉండి వెళ్ళిపోయినా ఆ గదిలో ఏడాది దాకా బతికుండగలదు, మామూలు ఫినాయిల్ లాంటివాటికి, శానిటైజర్‌కి చావదు, ముందు మురికంతా కడిగేసి ఆ తర్వాత 1 వంతు బ్లీచ్‌కి 32 వంతుల నీళ్ళు కలిపి ఓ పది నిమిషాలు తడిగా ఉంచితే పోతుంది. చెప్పుల అడుగున, బట్టల మీద ఎక్కి వచ్చేస్తుంది కాబట్టి "మా పిల్లి ఏ పిల్లినీ కలవదు" అన్న ధైర్యం దీని ముందు పనిచెయ్యదు. తెలిసినవాళ్ళింట్లో ఈ జబ్బొచ్చిన కూనని దగ్గర్నుంచి చూశాను. నీళ్ళ గిన్నె ముందు కూర్చుని, తల గిన్నె మీదకి వాల్చి, దాహం వేస్తున్నట్టే ఉంటుంది కానీ నాలుక పెట్టదు, మధ్యమధ్యలో పసుప్పచ్చ నురగ వాంతి. ఒంట్లో తెల్ల రక్తకణాలు పడిపోతాయి, పేగుల లోపలి పొర దెబ్బతింటుంది, కూనలైతే ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం మీదకి వస్తుంది. ఆ వైరస్‌కి సూటిగా మందు లేదు, సెలైన్ పెట్టి, వాంతులు ఆపి, వేరే ఇన్ఫెక్షన్ రాకుండా చూస్తూ పిల్లి దానంతట అది తట్టుకోవాలి. అదే టీకా మాత్రం దీని మీద చాలా గట్టిగా పనిచేస్తుంది. ఇంత పెద్ద జబ్బుకి ఇంత మంచి టీకా ఉన్నప్పుడు ఆలోచించడానికి ఏముంది చెప్పు.

హెర్పిస్, కాలిసి వేరే రకం. రెండూ జలుబు లాంటివే, తుమ్ములు, కళ్ళ పుసులు, కాలిసి అయితే నాలుక మీద పుండ్లు పడి తిండి మానేస్తుంది, కూనలు ఒక్కోసారి జ్వరంతో కుంటుతాయి కూడా. ఈ రెండింటికీ టీకా వేస్తే జబ్బు అసలు రాదని కాదు, వచ్చినా తేలిగ్గా పోతుంది. ఇది ముందే తెలుసుకుంటే రేపు ఎప్పుడైనా పిల్లి తుమ్మినప్పుడు "టీకా వేస్ట్ అయింది" అని అనుకోవు. హెర్పిస్ ఒకసారి ఒంట్లో చేరితే జీవితాంతం నరాల్లో దాక్కుని ఉంటుంది, ఇల్లు మారినా, కొత్త పిల్లి వచ్చినా, ఏదైనా ఒత్తిడి పడితే మళ్ళీ పైకి తేలుతుంది. నీ పెద్ద పిల్లికి అప్పుడప్పుడు ఒక కన్ను నీరు కారుతుంది అన్నావు చూడు, అది ఇదే కావచ్చు, డాక్టర్‌కి చూపించు.

ఇప్పుడు చిన్నదాని లెక్క. దానికి పది వారాలు అన్నావు. తల్లి పాల నుంచి వచ్చిన రక్షణ ఒంట్లో ఉన్నన్నాళ్ళూ అది టీకాని కూడా అడ్డుకుంటుంది, ఆ రక్షణ ఏ వారంలో అయిపోతుందో ఒక్కో కూనకి ఒక్కోలా ఉంటుంది, బయటనుంచి చూసి చెప్పలేం. అందుకే 6-8 వారాల వయసులో మొదలుపెట్టి మూడు నాలుగు వారాలకోసారి వేస్తూ 16 వారాలు నిండాక ఒకటి పడేలా చూస్తారు. అంటే నీదానికి ఇప్పుడొకటి, 13-14 వారాలప్పుడొకటి, 17 దగ్గర ఒకటి. అందరూ తప్పు చేసేది ఈ ఆఖరి డోసు దగ్గరే, రెండు పడ్డాయి కదా చాలు అని ఆగిపోతారు, నిజానికి లెక్కలోకి వచ్చేది ఆ 16 వారాల తర్వాత పడేదే. ఆ తర్వాత బూస్టర్ ఏడాదికి అనే మాట పాతది, ఇప్పుడు ప్రపంచ స్థాయి వెటర్నరీ గైడ్‌లైన్స్‌లో ఆరు నెలల వయసుకే వేయించమంటున్నారు, 16 వారాలప్పుడు కూడా టీకా పట్టని కూనలు కొన్ని ఉంటాయి, వాటిని మిగతా ఆరు నెలలు గాలికి వదిలెయ్యకూడదని. మీ డాక్టర్ గారు ఏడాది అంటే పోట్లాడకు, "ఆరు నెలలకి వేయించొచ్చా" అని మెల్లగా అడుగు.

పెద్దదానికి కాగితాలు ఏవీ లేవు కదా, ఏమీ పడలేదనే అనుకుని మొదలుపెట్టడం మేలు. పెద్ద పిల్లికి తల్లిపాల గొడవ ఉండదు కాబట్టి రెండు నుంచి నాలుగు వారాల తేడాతో రెండు డోసులు చాలు.

ఇక ఆ తర్వాత ప్రతి ఏడూ కావాలా అంటే, ఇంట్లోనే ఉండి, కొత్త పిల్లుల రాకపోకలు లేకపోతే, మూడేళ్ళకోసారి చాలు. ఏడాదికోసారి వేయించాల్సింది పెంపుడు జంతువుల హాస్టళ్ళలో ఉండి వచ్చేవాటికి, బయట తిరిగేవాటికి, అదీ హెర్పిస్, కాలిసి కోసం. కానీ టీకా మూడేళ్ళకోసారి అంటే డాక్టర్ దగ్గరికి కూడా మూడేళ్ళకోసారే అని అర్థం కాదమ్మా, పళ్ళు, బరువు, కిడ్నీలు ఏడాదికోసారి చూపించాల్సిందే, పిల్లులు జబ్బుని దాచుకుంటాయి.

రేబీస్ గురించి "ఇంట్లో పిల్లిని ఏ కుక్క కరుస్తుంది" అన్నావు. కుక్కే అక్కర్లేదు, కిటికీలోంచి గబ్బిలం వచ్చినా పిల్లి ఊరుకోదు, పట్టుకుంటుంది. పైగా ఇది పిల్లితో ఆగే జబ్బు కాదు. లక్షణాలు బయటపడ్డాక పిల్లికైనా మనిషికైనా దాదాపు బతికే ఆశ ఉండదు. రేబీస్ ఉన్న చోట ఎక్కడైనా ఇది తప్పనిసరి కిందే లెక్క, చాలా చోట్ల చట్టం కూడా అదే చెప్తుంది. ఇంకో సంగతి, మీ పిల్లి ఎవరి పిల్లాడినో గీరినా కొరికినా మొదట అడిగేది రేబీస్ కార్డే. 12 వారాలు నిండాక ఒకటి, ఏడాదికి ఇంకొకటి, ఆ తర్వాత ఏడాదికా మూడేళ్ళకా అన్నది ఆ టీకా లేబుల్ మీద, మీ దగ్గర రూల్ మీద ఆధారపడుతుంది. దాన్ని మాత్రం సొంతంగా పొడిగించకు.

నువ్వు నిజంగా ఆలోచించి తేల్చుకోవాల్సింది ల్యుకీమియా టీకా ఒక్కటే, పిల్లుల్లో రక్తక్యాన్సర్ లాంటివి తెచ్చే వైరస్‌కి వేసేది. ఈ వైరస్ ఉమ్ములో ఉంటుంది, ఒకదాన్నొకటి నాక్కోవడం, ఒకే గిన్నెలో తినడం, కొరుక్కోవడం, ఇలా పిల్లి నుంచి పిల్లికి దగ్గరితనంతో పోతుంది, చెప్పుల మీద రాదు, బయట ఎక్కువసేపు బతకదు. కూనలకి చాలా తేలిగ్గా అంటుకుంటుంది, పెద్దయ్యేకొద్దీ తట్టుకునే శక్తి పెరుగుతుంది. అందుకని ఏడాది లోపు కూనలకి వేయించమంటారు, ఎందుకంటే అది పెద్దయ్యాక ఇంట్లోనే ఉంటుందో బయటికి అలవాటు పడుతుందో ఇప్పుడే ఎవరికి తెలుసు. చిన్నదానికి మూడు నాలుగు వారాల తేడాతో రెండు డోసులు, ఏడాదికి ఒక బూస్టర్, అక్కడితో మళ్ళీ కూర్చుని ఆలోచించు, అప్పటికి ఇంట్లోనే ఉంటూ కొత్త పిల్లులు రాకపోతే ఆపెయ్యొచ్చు. పెద్దదానికి టెస్ట్ చేయించు, నెగెటివ్ వచ్చి చిన్నది కూడా నెగెటివ్ అయితే పెద్దదానికి ఈ టీకా అక్కర్లేదనే నా అభిప్రాయం. ఆ టెస్ట్ రెండింటికీ టీకా కంటే ముందే చేయించాలి, వైరస్ అప్పటికే ఒంట్లో ఉంటే టీకా ఏమీ చెయ్యలేదు. రిజల్ట్ వచ్చేదాకా గిన్నెలు వేరు, గదులు వేరు, ముద్దొస్తున్నాయని ఒకే పరుపు మీద పడుకోబెట్టకు.

డాక్టర్ గారి లిస్టులో మిగిలినవి క్లమిడియా (కళ్ళకొచ్చే ఇన్ఫెక్షన్), బోర్డెటెల్లా (దగ్గు, జలుబు తెచ్చే బ్యాక్టీరియా), ఎఫ్ఐపి (పిల్లుల కరోనా వైరస్ వల్ల వచ్చే జబ్బు). మొదటి రెండూ పది పిల్లులు కలిసుండే చోట ఆ జబ్బు అప్పటికే ఉందని తేలితే వాడేవి. ఎఫ్ఐపి టీకాని గైడ్‌లైన్స్‌లోనే సిఫార్సు చెయ్యరు. ఈ మూడూ కొట్టెయ్.

"ఎక్కువ వేయిస్తే నష్టమేంటి" అని కూడా అడుగుతావు నువ్వు, నాకు తెలుసు. మామూలుగా ఒకటి రెండు రోజులు డల్‌గా ఉండటం, తిండి తగ్గడం, అంతే. కానీ పిల్లుల్లో, చాలా అరుదుగా, సూది గుచ్చిన చోట క్యాన్సర్ గడ్డ రావచ్చు, ఎక్కువగా చెప్పే లెక్క 10,000 డోసులకి ఒకటి. అంత అరుదైనదాని కోసం పాన్‌ల్యూకోపీనియా టీకా మానుకోవడం తెలివితక్కువ, అవసరం లేనివి పొడిపించకపోవడం మాత్రం తెలివే. అందుకే ఇప్పుడు భుజాల మధ్య కాకుండా కాలికి కిందివైపు గానీ తోకకి గానీ వెయ్యమంటున్నారు, ఒకవేళ గడ్డ వస్తే పూర్తిగా తీసెయ్యడానికి వీలుగా. ఏ టీకా ఏ కాలికి వేశారో కార్డులో రాయించుకో. త్రీ-ఇన్-వన్ అయితే మామూలుగా చిన్న సీసాలో ఎండు పొడి ఉంటుంది, దాన్ని అప్పటికప్పుడు కలిపి వేస్తారు, ఏ టీకా అయినా సీసా మీద స్టిక్కర్ ఊడదీసి కార్డులో అంటిస్తే బ్యాచ్ నంబర్, ఎక్స్‌పైరీ డేటు నీ దగ్గర ఉంటాయి. ఆ స్టిక్కర్ లేకుండా సంతకం ఒక్కటే పెడితే అడుగు, మొహమాటపడకు.

వేయించిన రోజు అరగంట అక్కడే కూర్చో. మొహం వాచినా, ఆగకుండా వాంతులైనా, నోరు తెరిచి ఊపిరి తీసినా వెంటనే లోపలికి తీసుకెళ్ళు. ఇంటికొచ్చాక గుచ్చిన చోట చిన్న బుడిపె తగిలితే కంగారు పడకు, డేటు రాసుకుని వారానికోసారి వేలితో తడిమి చూడు. మూడు నెలలైనా పోకపోయినా, రెండు సెంటీమీటర్లు దాటినా, నెల తర్వాత కూడా పెరుగుతూ ఉన్నా, ఈ మూడింట్లో ఏ ఒక్కటి కనిపించినా ముక్క తీసి టెస్ట్‌కి పంపించాలి. జ్వరంగానో నీరసంగానో ఉన్న రోజు టీకాకి తీసుకెళ్ళకు, నాలుగు రోజులు ఆగినా ఏమీ కాదు. పెద్దది కడుపుతో ఉందేమో అన్న అనుమానం ఏమాత్రం ఉన్నా ముందే చెప్పు, కడుపుతో ఉన్నవాటికి లైవ్ టీకా (బలహీనం చేసిన బతికున్న వైరస్ ఉండేది) వెయ్యకూడదు, లోపలి కూనల మెదడు దెబ్బతింటుంది.

టైటర్ టెస్ట్ అని రక్తంలో యాంటీబాడీలు చూసేది ఒకటుంది, పెద్దదానికి మూడేళ్ళ తర్వాత బూస్టర్ వేయించడానికి భయమేస్తే అది చేయించొచ్చు, పాన్‌ల్యూకోపీనియాకి బాగా నమ్మొచ్చు, హెర్పిస్, కాలిసికి మాత్రం ఆ నంబర్ చూసి ధీమాగా ఉండలేం.

వచ్చే సెలవుల్లో ఊరెళ్ళేటప్పుడు రెండింటినీ హాస్టల్‌లో పెడతానన్నావు. నా మాట వింటే ఎవరైనా ఇంటికే వచ్చి తిండి పెట్టి వెళ్ళేలా చూడు, పిల్లులకి అదే నయం. తప్పదు అంటే మాత్రం ఈ కోర్సంతా అంతకుముందే పూర్తవ్వాలి, ఆఖరి డోసుకీ హాస్టల్‌కీ మధ్య కనీసం రెండు వారాలు ఉండాలి. నీ సెలవుల డేట్లు పంపు, వెనక్కి లెక్కేసి ఏ వారం ఏది పడాలో రాసి పెడతాను.

పెద్దమ్మ