హెడర్లు ఉన్నా వర్చువల్‌బాక్స్ మాడ్యూల్ ఎందుకు లోడ్ కాదు?

ఉబుంటు 22.04లో కెర్నల్ (సిస్టమ్‌కు గుండెలాంటి ప్రోగ్రామ్) అప్‌డేట్ అయ్యాక వర్చువల్‌బాక్స్ (కంప్యూటర్లోనే మరో కంప్యూటర్ను నడిపే సాఫ్ట్‌వేర్) మెషిన్ మొదలవడం లేదు, హెడర్లు వేసే ఉన్నాయి కదా అన్నది ప్రశ్న. వర్చువల్‌బాక్స్ తన మాడ్యూల్‌ను, అంటే కెర్నల్‌లో చేరే ముక్కను, ఈ హెడర్ ఫైళ్ల సాయంతోనే కట్టుకుంటుంది. హెడర్లు ఉంటే చాలదు, ఇప్పుడు నడుస్తున్న కెర్నల్‌వే ఉండాలి.

టెర్మినల్‌లో ‘యూనేమ్ -ఆర్’ కొట్టండి. 6.5.0-15-జెనరిక్ అని వచ్చిందనుకుందాం. ‘/usr/src’ ఫోల్డర్లో మాత్రం 5.15 హెడర్లే కనిపిస్తే దొంగ దొరికినట్టే. ‘లైనక్స్-హెడర్స్-జెనరిక్’ ప్యాకేజీ 22.04లో 5.15నే పట్టుకుని ఉంటుంది, 6.5 లాంటి కొత్త కెర్నల్ (హెచ్‌డబ్ల్యూఈ రకం) వాడేవాళ్లకు కావలసింది ‘లైనక్స్-హెడర్స్-జెనరిక్-హెచ్‌డబ్ల్యూఈ-22.04’. ఎక్కువమంది తప్పేది ఇక్కడే. అది వేస్తే ఇకపై కెర్నల్‌తోపాటే హెడర్లూ మారతాయి. తర్వాత ‘సుడో డీకేఎంఎస్ ఆటోఇన్‌స్టాల్’ (కెర్నల్‌కు తగ్గట్టు మాడ్యూళ్లను మళ్లీ కట్టే ఆదేశం) నడిపి, ‘డీకేఎంఎస్ స్టేటస్’లో మీ కెర్నల్ పక్కన ‘ఇన్‌స్టాల్డ్’ అని ఉందో లేదో చూడండి.

పాత మాడ్యూల్‌ను బలవంతంగా ఎక్కించకండి. ప్రతి మాడ్యూల్‌లో ‘వెర్‌మ్యాజిక్’ అనే ముద్ర ఉంటుంది. అది కెర్నల్‌తో సరిపోకపోతే కెర్నల్ దాన్ని ‘ఇన్‌వాలిడ్ మాడ్యూల్ ఫార్మాట్’ అని తిప్పికొడుతుంది. ఆ తనిఖీని దాటవేస్తే డేటా స్ట్రక్చర్ల లోపలి అమరిక తేడా వచ్చి మెమరీలోని సమాచారం పాడవచ్చు, సిస్టమ్ మొత్తం బిగుసుకుపోవచ్చు.

హెడర్లు సరిపోయినా బిల్డ్ (మాడ్యూల్ కట్టే పని) ఆగితే దాని వివరాలు రాసి ఉండే మేక్ లాగ్ (make.log) ఫైల్ తెరవండి. 6.5ను జీసీసీ అనే కంపైలర్ 12వ వెర్షన్‌తో కట్టారు, 22.04లో మామూలుగా ఉండేది 11. ‘ఎఫ్‌ట్రివియల్-ఆటో-వార్-ఇనిట్’ ఆప్షన్ తెలియదని ఎర్రర్ వస్తే జీసీసీ-12 ప్యాకేజీ వేయండి.

‘కీ వాజ్ రిజెక్టెడ్’ అని వస్తే అది సెక్యూర్ బూట్ (సంతకం లేని మాడ్యూళ్లను ఎక్కనివ్వని రక్షణ) సంతకం గొడవ, హెడర్లది కాదు.