ఆ టేకు బల్లను గీకే ముందు

బుజ్జీ,

నువ్వు కొన్న టేకు కాఫీ టేబుల్ ఫొటోలు ఒకటికి నాలుగుసార్లు చూశాను. బల్ల బాగుంది. ఆ ఫొటోల కింద నువ్వు రాసిన మాటే నాకు టెన్షన్ తెప్పించింది: "పెద్దమ్మా, ఆదివారం శాండింగ్ మెషీన్ పెట్టి పైనంతా గీకేస్తా, కొత్తదానిలా వస్తుంది." ఆ మెషీన్ ఎవరి దగ్గర అరువు తెచ్చావో వాళ్లకి తిరిగి ఇచ్చెయ్.

నేనూ ఒకప్పుడు ఆ పనే చేశాను మరి. నా మొదటి బల్ల కూడా అలాంటిదే. మరకలు పోవాలని మెషీన్ తిప్పుతూ ఉంటే ఒక మూల కాస్త పాలిపోయినట్టు అనిపించింది. ఇంకొంచెం గీకితే సమం అవుతుందనుకున్నాను. ఇంకొంచెం గీకేసరికి అడుగునున్న వేరే చెక్క బయటపడింది, అరచేయంత మేర. దానికి మందు లేదు. ఆ బల్ల ఇప్పటికీ నా దగ్గరే ఉంది. ఆ మూల మీద ఎప్పుడూ ఒక పుస్తకం ఉంటుంది, ఎందుకో ఇప్పుడు నీకు తెలిసింది.

1950లు, 60లలో డెన్మార్క్ ఫ్యాక్టరీల నుంచి వచ్చిన టేకు బల్లల్లో చాలావాటికి కాళ్లు, అంచు పట్టీలు మాత్రమే గట్టి టేకు. పైభాగం వేరే చెక్క మీద అతికించిన పల్చటి టేకు పొర, దాన్నే వెనీర్ అంటారు. ఆ పొర మందం ఒక మిల్లీమీటరు కూడా ఉండకపోవచ్చు. ఇది మోసం కాదు. వెడల్పాటి గట్టి పలక వాతావరణంతో పాటు ఉబ్బుతుంది, కుంచించుకుపోతుంది, ఒక్కోసారి వంగుతుంది. పొర అతికిస్తే బల్ల చదునుగా నిలుస్తుంది. ఒకే దుంగ నుంచి తీసిన పొరల్ని పక్కపక్కన పేర్చి, చెక్క గీతలు అద్దంలో ప్రతిబింబంలా కలిసేలా కూడా చేయొచ్చు. నీ బల్ల పైన ఎక్కడైనా అలాంటి జంట గీతలు కనిపిస్తే అది దాదాపు ఖాయంగా వెనీరే. లేదంటే అంచు దగ్గర వంగి చూడు. పైనున్న గీతలు పక్కకి దిగి కొనసాగకుండా అక్కడే తెగిపోయి, సన్నటి అతుకు కనిపిస్తే అదీ వెనీరే.

అసలు ఈ బల్లల్ని ఎందుకలా డిజైన్ చేశారో తెలిస్తే నీ చెయ్యి దానంతటదే తేలికపడుతుంది. కారే క్లింట్ అనే ఆయన 1924లో కోపెన్‌హాగెన్ రాయల్ అకాడమీలో ఫర్నిచర్ విభాగం మొదలుపెట్టాడు. మనిషి శరీరం కొలతలు, ఇంట్లో వాడే వస్తువుల కొలతలు తీసి, వాటినిబట్టి సామాను గీయమనేవాడు. 1927 నుంచి 1966 దాకా కోపెన్‌హాగెన్ వడ్రంగుల సంఘం ఏటా ప్రదర్శన పెట్టేది. బొమ్మ గీసేవాళ్లూ చెక్క కోసేవాళ్లూ అక్కడే జతకట్టేవాళ్లు. ఫిన్ యూల్ గీస్తే నీల్స్ వోడర్ చేసేవాడు, హాన్స్ వెగ్నర్ గీస్తే యోహానెస్ హాన్సెన్ చేసేవాడు. గ్రేటె యాల్క్ అనే ఆవిడైతే ముందు వడ్రంగం నేర్చుకుని, ఆ తర్వాత డిజైనర్ అయింది. నాకు ఆవిడంటే ప్రత్యేకంగా ఇష్టం, కారణం నీకు చెప్పక్కర్లేదు.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత థాయ్‌లాండ్, బర్మాల నుంచి టేకు డెన్మార్క్‌కి బాగా రావడం మొదలైంది. అన్నట్టు ఇంగ్లీషువాళ్ల 'టీక్' అనే మాట మలయాళం 'తేక్కు' నుంచి పోర్చుగీసు మీదుగా పోయిందే. మన 'టేకు'కి అది చుట్టమే. టేకులో ఇసుకలాంటి సిలికా ఉంటుంది, మామూలు బ్లేడు అంచు తొందరగా మొద్దుబారిపోతుంది. ఫ్రాన్స్ అండ్ సన్ అనే డేనిష్ కంపెనీ టంగ్‌స్టన్ కార్బైడ్ మొనలున్న బ్లేడ్లు వాడి, ఆ చెక్కతో ఫ్యాక్టరీలో పెద్ద ఎత్తున సామాను చేయగలిగింది. ఇలాంటి డేనిష్ సామాను అమెరికాకి కూడా బాగా పోయింది. 1960లో అమెరికా అధ్యక్ష ఎన్నికలప్పుడు కెనడీ, నిక్సన్ టీవీ చర్చలో కూర్చున్నది వెగ్నర్ కుర్చీల్లోనే.

వీళ్ల బల్లల మీద చెక్కుడు పని ఉండదు, పూలూ లతలూ ఉండవు. కిందికి సన్నబడే కాలు, ఒక్కో బల్లకి అంచున కాస్త పైకి లేచిన పెదవి, చట్రానికీ పలకకీ మధ్య సన్నని ఖాళీ. నగలన్నీ అవే. చేత్తో రుద్దుతూ అంచుని అర మిల్లీమీటరు గుండ్రంగా చేశావంటే సగం డిజైన్ పోయినట్టే. నీ బల్ల అంచు పదును ఇంకా బాగానే ఉన్నట్టుంది. దాని జోలికి వెళ్లకు.

ఇక పని. ముందు బల్లని తిరగెయ్యి. కింద కాల్చిన ముద్రో, కాగితం చీటీయో, డేనిష్ ఫర్నిచర్ మేకర్స్ కంట్రోల్ అనే నాణ్యత చూసే సంస్థ వాళ్ల గుండ్రటి గుర్తో ఉండొచ్చు. ఫొటో తీసుకో, కింద ఏమీ తుడవకు, గీకకు. అది లేకపోయినా బల్ల మంచిదే కావచ్చు, ఉంటే మాత్రం పోగొట్టకు.

తర్వాత శుభ్రం చెయ్. మెత్తటి గుడ్డ మీద మినరల్ స్పిరిట్ (పెయింటు పల్చన చేసే ద్రవం) వేసుకుని, చెక్క గీతల వెంబడి తుడుస్తూ పో. ఏళ్ల తరబడి పేరుకున్న మైనం, జిడ్డు గోధుమరంగు మడ్డిలా గుడ్డకి అంటుకుని వస్తాయి. నేను బాగుచేసిన చాలా బల్లలకి సగం పని ఇక్కడే అయిపోయింది. ఆరాక చూస్తే, గీకాలనుకున్న చోటు గీకక్కర్లేదని తెలుస్తుంది.

తెల్లటి గుండ్రటి మరకలు పై పూతలో చిక్కుకున్న తేమ వల్ల వస్తాయి, అవి చెక్కలోకి దిగవు. నల్లటివి వేరు. తడి, ఇనుము కలిసి చెక్కలో సహజంగా ఉండే టానిన్ అనే పదార్థంతో చర్య జరిపితే వచ్చేవి అవి. వాటికి ఆక్సాలిక్ ఆమ్లం నీళ్లలో కలిపి పూస్తారు. అది విషం, గ్లవ్స్ వేసుకో. మొదటిసారి చేసేదానివి, నల్ల మరక చిన్నదైతే వదిలెయ్ అంటాను. ఎవరో అక్కడ పూలకుండీ పెట్టుకున్నారు, ఉండనీ. స్టీల్ ఊల్ మాత్రం వాడకు, దాని తునకలు చెక్కలో ఇరుక్కుని తర్వాత నల్ల చుక్కలవుతాయి. నైలాన్ ప్యాడ్ చాలు.

తప్పక రుద్దాల్సి వస్తే చేత్తో, 240 నంబరు గరుకు కాగితంతో మొదలుపెట్టి 320తో ఆపు. గీతల వెంబడే, అడ్డంగా ఒక్కసారి కూడా వద్దు. మాస్క్ పెట్టుకో, టేకు పొడి కొందరికి చర్మం మీదా ముక్కులోనూ దురద పుట్టిస్తుంది.

ఊగుతున్న కాలు ఉందన్నావు. పాత జిగురు గీకేసి, టేకులో సహజంగా ఉండే నూనెని అసిటోన్‌తో తుడిచి, ఆరగానే కొత్త జిగురు పెట్టు. తుడవకపోతే జిగురు పట్టదు. అతుకుని బిగించి పట్టే క్లాంపు వేసి ఒక రోజు ముట్టుకోకు.

చివర్లో డేనిష్ ఆయిల్ (చెక్కలోకి ఇంకి గట్టిపడే నూనె) పల్చగా పట్టించి, పావుగంటయ్యాక మిగిలింది పూర్తిగా తుడిచెయ్. అది ఆరడానికి ఒక రోజు ఆగి ఇంకోసారి. మెరిసే పాలియురెథేన్ పూత వద్దు, ప్లాస్టిక్ కవరు తొడిగినట్టుంటుంది. పని అయ్యాక ఒక మాట గట్టిగా గుర్తుంచుకో. నూనె తుడిచిన గుడ్డలు ఉండలా చుట్టి పడెయ్యకు. ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, గుడ్డలు వాటంతటవే అంటుకున్న సందర్భాలున్నాయి. ఆరుబయట విప్పి ఆరేసి, బాగా గట్టిపడ్డాకే పారెయ్.

రుద్దిన చోట మొదట రంగు మచ్చమచ్చగా ఉంటే కంగారుపడకు. వెలుతురు తగిలేకొద్దీ కొన్ని వారాల్లో తేనెరంగుకి వస్తుంది. ఆ వారాల్లో బల్ల మీద ఏదీ ఒకేచోట కదలకుండా ఉంచకు, దాని ఆకారం అలాగే అచ్చుపడుతుంది.

ముందు బల్ల అడుగు ఫొటో, అంచు దగ్గరి ఫొటో పంపు. అవి చూసి నేను ఫోన్ చేసేదాకా మినరల్ స్పిరిట్ దాటి ఏమీ తెరవకు.

పెద్దమ్మ