సంతకం పెట్టమంటే "చదివి పెడతా" అన్నాను

మీ నాయన పోయాక అన్నదమ్ములు హక్కు విడుదల పత్రం, అంటే ఆస్తిలో వాటా వదులుకుంటున్నట్టు రాసిచ్చే కాగితం మీద సంతకం అడుగుతున్నారు, కాదంటే గయ్యాళి అంటారేమో అని మీరు రాశారు. అంటారు. నన్నూ అన్నారు. నా పుట్టిల్లు దామలచెరువు పక్క పల్లె, మెట్టింది తిరుపతి.

కర్మకాండలు ముగిసీ ముగియకముందే మామిడితోట మాట వచ్చింది. మా చిన్నాయన నన్నూ అక్కనూ ఏమీ అడగలేదు. "శుక్రవారం రిజిస్ట్రేషన్ ఆఫీసుకు రండమ్మా, ఆధార్ మర్చిపోవద్దు" అన్నాడంతే. వంటింట్లో నేను గొణిగితే, అమ్మ గిన్నెలు కడుగుతూనే "గమ్మునుండు మే, నలుగురూ వింటారు" అంది.

పత్రం తెప్పించుకుని చదివా. "ఎవరి ఒత్తిడీ లేకుండా, మనస్ఫూర్తిగా" అని ఉంది. ఒత్తిడి చేసేవాళ్ళే రాయించిన వాక్యం అది! మనం గమ్మునుంటే అది మన ఇష్టం కిందే జమ. "చదివి పెడతా, ఈ శుక్రవారం కాదు" అన్నా. అరవలేదు, ఏడవలేదు. అంతమాత్రానికే ఇల్లంతా అదిరిపోయింది.

మన జనం సంగతి చూడండి. తిరుపతి గంగజాతరలో, ఆడవాళ్ళను చెరబట్టిన పాలెగాడిని చంపిన గంగమ్మ తల్లికి మొక్కుతారు, మగాళ్ళు చీరకట్టి వేషమేసి బూతులు తిట్టినా భక్తే. ఇంటి ఆడబిడ్డ వాటా అంటే మాత్రం నోరెక్కువ.

చట్టం మీ వైపే ఉంది. హిందూ కుటుంబాల్లో పిత్రార్జితంలో పెళ్ళికాని కూతుళ్ళకు మన రాష్ట్రం 1985 లోనే కొడుకులతో సమాన హక్కు ఇచ్చింది. హిందూ వారసత్వ చట్టానికి 2005లో కేంద్రం చేసిన సవరణతో పెళ్ళయినవాళ్ళకూ వచ్చింది. ఆ సవరణ నాటికి తండ్రి బతికి ఉండనక్కర్లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. నాయన స్వార్జితమై, వీలునామా లేకపోతే 1956 నాటి అసలు వారసత్వ చట్టం ప్రకారమే సమాన వాటా. అయితే 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరైన భాగపంపకాలను ఈ సవరణ చూపించి తిరగదోడలేం.

నా వాటా ఊరికే వచ్చిందని చెప్పను. పెద్దన్న చాన్నాళ్ళు మాట్లాడలేదు, వాళ్ళ పాప చెవులు కుట్టించినప్పుడు పిలుపు రాలేదు. ఆ రోజు అన్నం సయించలేదు. చివరికి తోటలో ఓ ముక్క నా పేరున రాశారు, పూర్తి వాటా కాదు, నాకు చాలు. అక్క అడిగిన శుక్రవారమే సంతకం పెట్టేసింది, బంగారుతల్లి అనిపించుకుంది. ఏటా కాపు దిగేటప్పుడు తోతాపురి ఏం ధర పలికిందే అని ఫోన్ చేసి నన్నే అడుగుతుంది.

పదిమంది ముందు తేల్చుకోవద్దు, అక్కడ మీ మాట నిలవనివ్వరు. అన్నకు ఒక్కడికే ముందుగా ఫోన్ చేసి పత్రం నకలు అడగండి. భూమి ఎవరి పేరున ఉందో ప్రభుత్వ వెబ్‌సైటు మీభూమిలో 1బి, అడంగల్ అనే భూమి రికార్డులు చూసుకోండి. ఆఫీసుకు లాక్కెళ్ళినా మీరు సంతకం పెట్టనిదే ఆ విడుదల రిజిస్టరు కాదు. అన్నీ చూశాక వదులుకోవాలని మీకే అనిపిస్తే పెట్టేయండి, తప్పేం లేదు. ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) మాత్రం తీయించండి, తోట మీద తాకట్టు ఏదైనా రిజిస్టరై ఉంటే అందులో తెలుస్తుంది.