సూదులకు వెళ్ళేముందు

కర్నూలు

తల్లీ,

మీ అమ్మ నిన్న రాత్రి ఫోన్ చేసింది. రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషనూ కీమోలూ రేడియేషనూ అయిపోయి నాలుగు నెలలు దాటినా, పొద్దున ఒక బిందె నీళ్ళు మోసేసరికి మళ్ళీ మంచమెక్కుతున్నావట. "రిపోర్టులన్నీ బాగున్నాయి కదా, ఇంకేం నీరసం?" అంటున్నారట ఇంట్లో. ఆ మాట నేనూ పడ్డాను. నాకు రొమ్ము ఆపరేషన్ అయిన ఏడు, రెండో జొన్న రొట్టె తడుతుండగానే చేతులు వాలిపోయేవి. తట్టిన రొట్టె సగంలో ఆగిపోయేది, పెనం మీది రొట్టె మాడిపోయేది, నేను గోడకు ఆనుకుని కూర్చుండిపోయేదాన్ని. రాత్రంతా పడుకుని లేచినా అంతే. పడుకుంటే తీరే అలసట కాదిది. సోమరితనం అసలే కాదు. క్యాన్సర్ వల్లా, దాని మందుల వల్లా వచ్చే బాధ ఇది. డాక్టర్లకు బాగా తెలిసిందే.

ఆక్యుపంక్చర్‌కు, అదే ఒంట్లో కొన్ని చోట్ల సన్నటి సూదులు గుచ్చే వైద్యానికి, వెళ్ళనా అని అడిగావట. వెళ్ళు, నేను వద్దనను. కానీ ముందు మీ క్యాన్సర్ డాక్టర్‌కు చెప్పి హిమోగ్లోబిన్, థైరాయిడ్ చూపించుకో. ఒంట్లో రక్తం తక్కువై నీరసం వస్తుంటే సూదులేం చేస్తాయి? నాకు థైరాయిడ్ తేడా అప్పుడే బయటపడింది. నిద్ర పట్టకపోయినా, మనసు బాగలేకపోయినా, నొప్పి ఉన్నా దాచకుండా చెప్పు.

రెండోది నడక. లేవలేనిదాన్ని నడవమంటావా అని కోపం తెచ్చుకోకు. 2017లో 113 పరిశోధనలను కలిపి చూస్తే, ఈ అలసటకు మందుల కన్నా వ్యాయామం, మనసుకిచ్చే కౌన్సెలింగ్ మేలని తేలింది. నేను మొదటి వారం మా వీధి చివర వేపచెట్టు దాకానే వెళ్ళి వెనక్కొచ్చాను. అనంతపురం ఎండ నీకు తెలుసు కదా, పొద్దున ఆరున్నర లోపే ముగించు.

ఇక సూదుల సంగతి. ఇంగ్లండ్‌లో రొమ్ము క్యాన్సర్ వచ్చిన 302 మంది ఆడవాళ్ళ మీద పరీక్ష చేసి 2012లో ఫలితం చెప్పారు. వారానికొకసారి, ఇరవై నిమిషాలు, ఆరు వారాలు. మామూలు వైద్యం మాత్రమే అందినవాళ్ళ కన్నా సూదులు వేయించుకున్నవాళ్ళకు అలసట తగ్గింది. మరుసటి ఏడాది అమెరికాలో అసలు సూదులనూ ఉత్తుత్తి సూదులనూ పోల్చితే రెండింటికీ తేడా కనపడలేదు. అందుకే దీని మీదే ఆశలన్నీ పెట్టుకోవద్దంటున్నాను. నాకు మాత్రం మూడో వారం నుంచి కొంచెం తేలిక అనిపించింది. ఆరు వారాలయ్యేసరికి నాలుగు రొట్టెలు తట్టగలిగాను. నడక, థైరాయిడ్ మాత్ర కూడా అప్పుడే నడుస్తున్నాయి, ఆ లెక్కా చెప్పాలి.

భయపడకు, ఇంజెక్షన్ సూదిలా ఉండదు, వెంట్రుక కన్నా కాస్త మందం, అంతే. మోకాలి చిప్ప కింద నాలుగు వేళ్ళు కొలిచి ఎముకకు బయటివైపు ఒకటి పెట్టారు. గుచ్చినప్పుడు చీమ కుట్టినట్టుంది. కాసేపటికి లోపల ఎవరో మెల్లగా లాగుతున్నట్టు, కాలంతా బరువెక్కినట్టు అయింది. ఆ బరువు రావాలనే వాళ్ళు చూస్తారు. ఇంకొకటి చీలమండ పైన లోపలివైపు పెట్టారు. ఆ ఇరవై నిమిషాలూ నన్ను "అమ్మా" అని పిలిచేవాళ్ళు లేరు. అది కూడా వైద్యమే అనుకున్నాను.

నేను మొదట వెళ్ళిన చోట ట్రేలో ముందే విప్పి పెట్టిన సూదులున్నాయి. ఒక్క నిమిషం ఆగకుండా లేచి వచ్చేశాను. కవరు నీ కళ్ళ ముందే చింపాలి, వాడిన సూది నీ ముందే పారేయాలి. ఆపరేషన్ అయిన వైపు చేతికి గుచ్చనివ్వద్దు, వాపు భయం ఉంది కదా, బీపీ కూడా ఆ చేతికి వద్దంటారే, అట్లాగే. ప్లేట్‌లెట్లు, తెల్లకణాలు బాగా పడిపోయి ఉంటే సూదుల జోలికే పోకూడదు. రక్తం పలచబడే మందు వాడుతుంటే ముందే చెప్పాలి. ఎక్కడ చదువుకున్నారని మొహమాటం లేకుండా అడుగు. మందులు మానేయమన్నా, క్యాన్సర్ నయం చేస్తామన్నా అక్కడ నిమిషం కూడా కూర్చోవద్దు.

వారం వారం ఆటో ఛార్జీలు, ఫీజులు కష్టమైతే, నొక్కుడు పద్ధతి ఉంది. సూదుల్లేవు, అలాంటి చోట్లనే వేలితో రోజూ ఒక్కోదాన్ని మూడు నిమిషాలు నొక్కుకోవడం. మిషిగన్ యూనివర్సిటీ వాళ్ళు 2016లో చెప్పిన ఫలితంలో, ఇట్లా ఇంట్లోనే నొక్కుకున్నవాళ్ళకు అలసట తగ్గింది. ఒక రకం నొక్కుడుతో నిద్ర కూడా బాగుపడింది. నేర్పేవాళ్ళ దగ్గర ఒక్కసారి చూసుకుంటే చాలు. ఖర్చు చూసుకుంటే నువ్వు దీంతోనే మొదలుపెట్టడం మంచిదనిపిస్తుంది నాకు.

సోమవారం పరగడుపునే రక్తం ఇచ్చి రా. రిపోర్టు ఫోటో నాకు వాట్సాప్‌లో పంపు. మీ అత్తగారితో నేనే మాట్లాడతాను, ఆ బిందె విషయం కూడా.

మీ పెద్దమ్మ