అడగండి మాష్టారూ: పచ్చ రాయి, బోడి రాయి

ప్రశ్న: మా ఊరి దగ్గర సముద్రంలోకి వేసిన రాళ్ల కట్ట మొదట్లో పాత రాళ్లు బోడిగా ఉన్నాయి. చిన్న చిన్న గుల్లలు తప్ప వాటి మీద ఏమీ లేదు. చివర్లో ఈమధ్యే లారీలతో తెచ్చి పోసిన రాళ్లేమో పచ్చగా నాచు పట్టాయి. రాయి ఒకటే, నీళ్లూ ఒకటే. ఎందుకిలా?
– డిగ్రీ విద్యార్థిని, కావలి

జవాబు: ఇలాంటి ప్రశ్న వచ్చి ఎన్నాళ్లైందమ్మా! సముద్రం ఉప్పగా ఎందుకుంటుందో రాసి రాసి నాకే విసుగొచ్చేసింది.

పాత రాయి బోడిగా ఉందంటే అక్కడ నాచు మొలవడం లేదని కాదు. మొలిచింది మొలిచినట్టే తినేస్తున్నారు. ఎవరనుకున్నారు? మీరు ‘తప్ప ఏమీ లేదు’ అని తీసిపారేసిన ఆ గుల్లల్లోని నత్తలే.

మైపాడు నుంచి కొత్తపట్నం దాకా మన తీరమంతా దాదాపు ఇసుకే. నాచుకు వేళ్లుండవు. అడుగున ఉన్న చిన్న పట్టుతో గట్టిదాన్ని దేన్నైనా కరుచుకుని బతకాలి. అలకు కదిలిపోయే ఇసుకలో అది నిలవదు. మనం క్వారీ రాయి తెచ్చి పోశాకే దానికి ఇక్కడ చోటు దొరికింది. నాచు వదిలే బీజకణాలు నీళ్లలో ఎప్పుడూ తిరుగుతూనే ఉంటాయి కాబట్టి, కొత్త రాయి పడిన కొద్ది వారాలకే ఉల్వా జాతి పచ్చనాచు పట్టేస్తుంది. నత్తల పిల్లలూ నీళ్లలో తేలుతూనే వస్తాయి. కాకపోతే అవి వచ్చి, రాయిని పట్టుకుని, ఒక సైజుకు ఎదిగి మేత అందుకునేసరికి టైం పడుతుంది. మీ కట్ట చివర ఇప్పుడు నడుస్తున్నది ఆ మధ్యకాలం.

ఈసారి నీళ్లు వెనక్కి తీసినప్పుడు పాత రాయి దగ్గర కూర్చుని చూడండి. మెలికలు లేకుండా, శంకువు ఆకారంలో రాయికి అతుక్కుని ఉన్న గుల్ల కనబడితే అది లింపెట్ అనే నత్త రకం. విశాఖ రాళ్ల మీద సెల్లానా రేడియేటా అనే రకం ఉంది. ఆంధ్రా యూనివర్సిటీలో దాని మీద ఎప్పుడో పరిశోధనలు జరిగాయి. ఎండ ఉన్నంతసేపూ అది కదలదు, రాయి తడిస్తే బయల్దేరుతుంది. దాని నోట్లో సన్నటి పొడుగాటి పట్టీ, ఆ పట్టీ నిండా వరసలుగా పళ్లు. కొబ్బరి కోరినట్టు రాతిని గీకుతూ పోతుంది. ఆ పళ్లలో ఉన్నది గోతైట్ అనే ఇనుప ఖనిజం. 2015లో ఇంగ్లండ్‌లోని పోర్ట్స్‌మౌత్ యూనివర్సిటీ వాళ్లు కొలిచి చూసి, ప్రాణుల్లో తయారయ్యే పదార్థాల్లో అప్పటిదాకా తెలిసినవాటిలో లాగుడుకు అన్నిటికన్నా ఎక్కువ తట్టుకునేది ఇదేనని, సాలీడు దారం కూడా దీని తర్వాతేనని తేల్చారు. పలచగా పాచి పట్టిన రాయిని ముక్కు ఆనేంత దగ్గరగా చూస్తే వంకర టింకరగా సన్నటి గీతలు కనిపిస్తాయి. అవి ఈ పళ్ల గుర్తులే.

‘నత్త నాచు తింటుంటే నేనెన్నడూ చూళ్లేదే’ అంటాడు నాతో పొద్దున్నే నడకకొచ్చే స్నేహితుడు. ఎలా చూస్తాడు? లింపెట్ ఎక్కువగా తినేది కంటికి ఆనని మొలకల పొరని. నాచు మన కంటికి కనిపించేంత ఎదిగిందంటే, దాన్ని గీకేవాళ్లు అక్కడ లేరనో చాలలేదనో అర్థం.

1946లో బ్రిటన్ దగ్గరి ఐల్ ఆఫ్ మాన్ దీవిలో ఎన్.ఎస్. జోన్స్ అనే ఆయన, 10 మీటర్ల వెడల్పున ఒడ్డు పైనుంచి కిందదాకా లింపెట్లన్నిటినీ ఊడబెరికించారు. ముందు పచ్చనాచు, దాని వెనకే గోధుమరంగు పెద్దనాచు ఆ మేరంతా కమ్మేశాయి. లింపెట్లను కదిలించని పక్క రాయి ఎప్పటిలాగే ఉంది.

అలాగని నత్తలు ఎన్ని ఎక్కువుంటే అంత మంచిదనీ అనలేం. 1978లో జేన్ లుబ్చెంకో అనే శాస్త్రవేత్త అమెరికా ఈశాన్య తీరపు రాతి గుంటల్లో చూసిందేమిటంటే, నత్తల్లేని గుంటని మెత్తటి పచ్చనాచు ఒక్కటే ఆక్రమిస్తుంది. నత్తలు కిటకిటలాడే గుంటలో అవి ఇష్టపడని గట్టి ఎర్రనాచు మిగులుతుంది. ఓ మోస్తరుగా ఉన్నచోటే రకరకాల నాచులు కలిసి బతుకుతాయి. అదే నీళ్లు తీసేసే రాళ్ల మీద మాత్రం లెక్క తిరగబడింది: నత్తలు పెరిగినకొద్దీ నాచు రకాలు తగ్గాయి.

ఇంతా చెప్పి, మీ కట్ట మీద అంతా నత్తల పనేనని సంతకం పెట్టను. మన ఏప్రిల్, మే ఎండలకు పైరాళ్ల నాచు మాడిపోతుంది. రొయ్యల చెరువుల నీళ్లు వదిలే కాలవ మూతి దగ్గరైతే ఎరువు ఎక్కువై, నత్తలు తిన్నా తరగనంత నాచు పెరగొచ్చు. అలాంటి కాలవ ఉందో లేదో మీరు రాయలేదు. పరీక్ష కావాలంటే ఒక రాయి మీద జానెడు మేర గుల్లలు తీసి పక్క రాయి మీద వదిలేయండి. ఖాళీ చేసిన మేర చుట్టూ పడవ అడుగుకు వేసే రాగి పెయింట్‌తో గీత కొట్టండి. రాగి పడదు కాబట్టి అవి ఆ గీత దాటడానికి జంకుతాయి. ఈ పద్ధతి పరిశోధకులదే. వారానికో ఫొటో తీసి నాకు పంపండి.

ప్రశ్న: గాలం వేసే కుర్రాళ్లు రాళ్ల మీద పాచికి జారి పడుతున్నారు. బ్లీచింగ్ చల్లితే పోతుందా?
– ముత్తుకూరు నుంచి ఒక పాఠకుడు

జవాబు: నాలుగు రోజులు పోతుంది. బ్లీచింగ్‌కు నాచూ నత్తా తేడా తెలియదు. నత్తలు చచ్చాక వచ్చే నాచును ఆపేదెవరు?

1967 మార్చి 18న టోరీ కాన్యన్ అనే ఆయిల్ ఓడ ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్ దగ్గర రాళ్లకు గుద్దుకుంది. ఒడ్డుకు చేరిన నూనెను కడగాలని 10,000 టన్నులకు పైగా డిటర్జెంట్ మందు కొట్టారు. నూనె కన్నా ఆ మందే లింపెట్లను ఎక్కువ చంపింది. ఆ తర్వాత రాళ్లన్నీ పచ్చబడ్డాయి, ఆపైన గోధుమరంగు నాచు దట్టంగా కమ్మింది. ఆ నాచు చాటున కొత్త లింపెట్లు లెక్కకు మించి పెరిగి, ఉన్నదంతా తినేసి, మేత చాలక మళ్లీ పలచబడ్డాయి. తీరం కుదుటపడటానికి 10 నుంచి 15 ఏళ్లు పట్టింది. సీల్ అనే సముద్ర జంతువులు ఉన్నాయని మందు కొట్టకుండా వదిలేసిన గోడ్రెవీ అనే చోటు రెండు మూడేళ్లలోనే తేరుకుంది.

కుర్రాళ్లు నిలబడే నాలుగు రాళ్లను ఇనుప బ్రష్‌తో గీకండి, చాలు. వాళ్లను రబ్బరు చెప్పులు మానమనండి.

ప్రశ్న: తుపాను తర్వాత ఒడ్డుకు కొట్టుకొచ్చిన నాచును మా గొర్రెలకు వేయొచ్చా? మావి జోడిపి రకం గొర్రెలు.
– ఉలవపాడు నుంచి ఒక పెంపకందారు

జవాబు: నాచు మీదే బతికే గొర్రెలు నిజంగానే ఉన్నాయి. స్కాట్లండ్‌కు ఉత్తరాన ఓర్క్‌నీ దీవుల్లో నార్త్ రొనాల్డ్‌సే అనే చిన్న దీవి ఉంది. గొర్రెలు పొలాల్లో పడకుండా 1832లో దీవి చుట్టూ రాతి గోడ కట్టి, వాటిని సముద్రం వైపుకు తోలేశారు. నీళ్లు తీయగానే, రాత్రయినా పగలైనా, అవి రాళ్ల మీదకు దిగి మేస్తాయి. పోటు రాగానే పైకొచ్చి నెమరేస్తాయి. ఈనే గొర్రెలను మాత్రం గోడ లోపలికి పచ్చికకు తోలుకొస్తారు. నాచులో రాగి తక్కువ కాబట్టి దొరికిన కాస్త రాగినీ ఒడిసిపట్టడం వాటి ఒంటికి అలవాటైంది. అందుకే మామూలు మేత మీద ఎక్కువకాలం ఉంచితే వాటికి రాగి విషమయ్యే ప్రమాదం ఉంది.

మీ జోడిపికి ఆ అలవాటు లేదు. కొట్టుకొచ్చిన నాచులో ఉప్పు, ఇసుక, వల ముక్కలు ఉంటాయి. కుళ్లు వాసనొస్తే అసలు ముట్టుకోవద్దు. తాజాది వేసి చూడాలనుంటే ముందు పశువుల డాక్టరును అడగండి. ఆయన సరేనంటే మంచినీళ్లలో రెండుసార్లు జాడించి, ఎండబెట్టి, రోజూ వేసే మేతలో కొద్దిగా కలపండి. పక్కనే తాగడానికి మంచినీళ్లు పెట్టడం మరవొద్దు.