ఆ పిల్లకు అప్పటికి ఏమీ తెలియదు

అమ్మాయీ,

దుర్గాబాయి చిన్నతనం మీద నువ్వు రాసిన కాగితాల కట్ట చేరి మూడు వారాలైంది. 'నువ్వు' అంటున్నందుకు ఏమీ అనుకోకు. ఈ వయసులో ఆ మాత్రం చనువు తీసుకుంటాను.

మొదటి వాక్యానికే ఒళ్లు మండింది. "1909 జులై 15న రాజమండ్రిలో ఒక రాజ్యాంగ నిర్మాత్రి ఉదయించింది" అన్నావు. పుట్టింది పసిగుడ్డమ్మా. రాజ్యాంగ సభకు ఇంకా 37 ఏళ్లుంది. దుర్గాబాయి బాల్యం రాస్తానని బయలుదేరి, ప్రతి పేజీలోనూ, పెద్దయ్యాక రాజ్యాంగ సభలో కూర్చున్న దుర్గాబాయి దేశ్‌ముఖ్‌ను ఎదురు పెడుతున్నావు. ఎనిమిదేళ్ల పిల్ల పెళ్లిపీటల మీద కూర్చుంటే ఆమె కళ్లలో "భావి పోరాటం మెరిసింది" అట. ఆ వయసు పిల్ల కళ్లలో మెరిసేది నిద్ర.

పైగా "చట్టాన్ని ధిక్కరించిన బాల్యవివాహం" అని మరో మాట. ఏ చట్టం? బాల్యవివాహాలను అడ్డుకునే శారదా చట్టం 1929లో వచ్చింది. అప్పటికి ఆమెకు ఇరవై ఏళ్లు. ఆమె పెళ్లి నాటికి అలాంటి పెళ్లిళ్లు పదిమందీ వచ్చి అక్షింతలు వేసి, భోంచేసి, తాంబూలం పుచ్చుకుని వెళ్లేవే. అవి ఎవరికీ తప్పుగా కనబడకపోవడమే అందులోని దారుణం. వీరేశలింగం గారు తొలి వితంతు వివాహం జరిపించింది ఆ రాజమండ్రిలోనే, 1881లో. దుర్గాబాయి పెళ్లినాటికి ఆయన ఇంకా బతికే ఉన్నారు. అంత సంస్కరణ చూసిన ఊళ్లో పుట్టిన పిల్లకు ఎనిమిదేళ్లకే మూడు ముళ్లు ఎలా పడ్డాయో అడగవేం? యుక్తవయసు వచ్చాక ఆమె ఆ కాపురం వద్దన్నప్పుడు తండ్రి ఆమె పక్షాన నిలబడ్డాడు. పెళ్లి చేసిన తండ్రే! నువ్వు ఆయన్ను రెండో పేజీలో దుర్మార్గుణ్ణి చేసి, ఐదో పేజీలో దేవుణ్ణి చేశావు. మనిషిని చెయ్యి.

కాకినాడ కాంగ్రెస్ ఘట్టం మరీ అన్యాయం. 1923 డిసెంబరు. ఖద్దరు ప్రదర్శన గుమ్మం దగ్గర పద్నాలుగేళ్ల వాలంటీరు. టికెట్ లేనివాళ్లను లోపలికి పంపొద్దని చెప్పారు, నెహ్రూను పంపలేదు. నిర్వాహకులు టికెట్ తెచ్చాకే వదిలింది. కథ అంతే. నువ్వేమో ఆమె చేత "చట్టం ముందు అందరూ సమానమే" అని ఉపన్యాసం చెప్పించి, ఎదుట "కాబోయే ప్రధాని"ని నిలబెట్టావు. ఆ రోజు ఆయనకు 34 ఏళ్లు, ప్రధాని పదవి 24 ఏళ్ల దూరంలో ఉంది. కాబోయేవన్నీ పక్కన పెట్టి చూడు. అప్పగించిన పనిని అక్షరాలా పట్టుకుని నిలబడ్డ ఒక మొండి పిల్ల కనిపిస్తుంది. నాకు ఆమె చాలు.

ఈ కోపం వెనక నా సొంత గొడవ ఒకటుంది. నలభై ఏళ్ల కిందట ఒక బడి పంతులమ్మ జీవితం రాశాను. సాయంత్రం ఆమె ఇంటికొస్తే, కొంగుకు అంటిన సుద్దపొడి దులుపుకుంటే గానీ అత్తగారు వంటింట్లోకి రానిచ్చేది కాదు. ఆ ఒక్క సంగతి రాబట్టడానికి వాళ్లింటికి మూడుసార్లు వెళ్లాను. పత్రిక సంపాదకుడు సుద్దపొడి పేరా కొట్టేసి "అక్షర జ్యోతి" అని శీర్షిక పెట్టాడు. మహిళా దినోత్సవ సంచికకు స్ఫూర్తి కావాలట. అచ్చయిన ప్రతి పట్టుకెళ్లి ఇస్తే ఆవిడ కళ్లజోడు సర్దుకుని చివరిదాకా చదివి, "బాగుందండీ, ఎవరీవిడ?" అంది. ఇప్పటికీ మార్చి వస్తే ఆ స్ఫూర్తి సరుకు అదే తూకంతో దిగుమతి అవుతూనే ఉంది. నువ్వూ ఆ కొట్టుకే సరుకు సరఫరా చేస్తానంటే నాకెందుకు పంపావు?

అసలు పంట పండే చోట నువ్వు ఒక్క వాక్యంలో దాటేశావు. ఇంగ్లీషులో చెప్పే చదువు వద్దని బడి మానేసిన పిల్ల ఆమె. తాను హిందీ నేర్చుకుని, ఆడవాళ్లకు హిందీ బడి పెట్టింది. తర్వాత ఉప్పు సత్యాగ్రహం, జైళ్లు. ఇరవై దాటాక బెనారస్ విశ్వవిద్యాలయం మెట్రిక్ పరీక్ష కోసం ఆ వద్దన్న ఇంగ్లీషునే ముందేసుకుని కూర్చుంది. తాను గట్టెక్కిన పరీక్షకే మద్రాసులో మరికొందరు అమ్మాయిలను చదివించింది. 1937లో ఆమె పెట్టిన ఆంధ్ర మహిళా సభకు వేళ్లు అక్కడున్నాయి. ఒకప్పుడు తోసిపారేసిన పుస్తకాన్ని మళ్లీ తెరవడానికి ఎంత అభిమానం చంపుకోవాలో ఆలోచించావా? "అనంతరం ఉన్నత విద్యనభ్యసించారు" అని ముగించావు. ఉద్యోగ దరఖాస్తులా ఉంది.

ఒక్కచోట మాత్రం ఆగాను. 1921లో గాంధీజీని దేవదాసీల, ముస్లిం స్త్రీల సభకు రప్పించాలంటే ఐదు వేల రూపాయలు కావాలన్నప్పుడు, దేవదాసీలే ఆ డబ్బు పోగు చేశారని రాసి, "అది ఏ పెట్టెల అడుగునుంచి వచ్చిందో" అన్నావు. ఆ మాట నీది. మిగతా నలభై పేజీలు ఎక్కడివో నాకు తెలుసు.

ప్రచురణకర్తల గురించి ఏవో అడిగావు, ముందుమాట గురించి కూడా. ముందు బడి మానేసిన రోజు నుంచి మెట్రిక్ దాకా ఉన్న ఏళ్లు రాసి పంపు. ఆ ఇంటి గదుల గురించి తెలియకపోతే కల్పించకు, తెలిసినంతే రాయి.

కట్ట వెనక్కి పంపుతున్నాను. ఎర్రసిరా గీతలు నావి. పదిహేడో పేజీ మీద కాఫీ మరక కూడా నాదే. గేటు ఘట్టం చదువుతుంటే చెయ్యి జారింది.