కంబాలకొండకు వెళ్లే ముందు

చిరంజీవి మేనల్లుడికి అత్తయ్య ఆశీస్సులు.

సంక్రాంతి సెలవులకు మీరు ముగ్గురూ విశాఖ వస్తున్నారనీ, ఒక రాత్రి కంబాలకొండలో చెరువు దగ్గర టెంటు వేసుకుని గడపాలనుకుంటున్నారనీ కోడలు ఫోనులో చెప్పింది. చాలా సంతోషించాను. అందరూ అరకు, లంబసింగి, వనజంగి అంటూ ఘాట్ రోడ్ల మీద కార్ల వరుసల్లో చిక్కుకుంటుంటే, ఊరిని ఆనుకునే ఉన్న అడవిని మీరు ఎంచుకోవడం నాకు బాగా నచ్చింది. బడిపిల్లలను వెంటబెట్టుకుని ఆ బాటల్లో ఏళ్ల తరబడి నడిచినదాన్ని కాబట్టి, మీరు బయల్దేరేలోగా తెలియాల్సినవి రాస్తున్నాను. కోడలికీ చదివి వినిపించు.

జాతీయ రహదారి మీద హనుమంతవాక దాటి మధురవాడ వైపు వస్తుంటే జంతు ప్రదర్శనశాల దగ్గరే కంబాలకొండ గేటు. ఆర్టీసీ కాంప్లెక్సు నుంచి దాదాపు పది కిలోమీటర్లే. ఇంత దగ్గరగా ఉండటం వల్లే చాలామంది దాన్ని పార్కు అనుకుంటారు. టిక్కెట్టు గదినీ పడవలనూ చూసి మీరూ అలా అనుకోవద్దు. ఒకప్పుడు విజయనగరం మహారాజుల అధీనంలో ఉన్న ఆ అడవి 1970లో అటవీశాఖ చేతికి వచ్చింది, ఆ తర్వాత అభయారణ్యమైంది. సుమారు 70 చదరపు కిలోమీటర్ల మేర పరుచుకున్న ఆ కొండల్లో చిరుతలు, చుక్కల దుప్పులు, మొరిగే జింకలు, అడవి పందులు, అలుగులు బతుకుతున్నాయి. మీరు పక్కన పడుకోబోయే చెరువు వాటికి నీటిరేవు. అక్కడ మీరు చేసే ప్రతి పనినీ ఈ సంగతి గుర్తుంచుకుని చెయ్యండి.

అభయారణ్యంలో రాత్రి బస అటవీశాఖ అనుమతితోనే. కనీసం వారం ముందే అడిగి ఖాయం చేసుకో. మాట్లాడేటప్పుడే రాత్రి కాపలాకు ఎవరుంటారో, ఏ బాటలు తెరిచి ఉన్నాయో, దారి చూపే మనిషి తోడు వస్తాడో లేదో కనుక్కో. వాళ్లు చూపించిన చోటే టెంటు వెయ్యాలి. ఫోటోకు బాగుంటుందని నీటి అంచుకు జరపొద్దు. ఎండిన గెడ్డలో, అంటే వాగులో, ఇసుక మెత్తగా ఉందని అక్కడా వెయ్యొద్దు. పైన కొండల్లో వాన పడితే ఆ గెడ్డలోకి నీరు ఎప్పుడు దిగుతుందో కింద ఉన్నవాళ్లకు తెలియదు. టెంటు వేసే ముందు తలెత్తి పైకి కూడా చూడు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను ఈ కొండల మీద చెట్లను కూకటివేళ్లతో పెకలించింది, మిగిలినవాటి కొమ్మలు విరిచింది. అడవి మళ్లీ పచ్చబడిందనుకో, అయినా ఎండుకొమ్మ ఉన్న చెట్టు కింద మాత్రం పిల్లను పడుకోబెట్టొద్దు.

మీ హైదరాబాదు కన్నా మాకు దాదాపు ఇరవై నిమిషాల ముందే పొద్దుగుంకుతుంది. సంక్రాంతి రోజుల్లో ఆరు కాకుండానే సూర్యుడు దిగిపోతాడు. కొండల మధ్య ఉన్న ఆ లోయలో వెలుగు అంతకంటే ముందే తగ్గిపోతుంది. మధ్యాహ్నం భోజనం చేసి, నాలుగింటికి తీరిగ్గా నడక మొదలుపెడదాం అనుకోవద్దు. నడక అంతా ఉదయమే పెట్టుకోండి. ఏడింటికి బయల్దేరితే ఎండ ముదిరేలోగా తిరిగి వచ్చేయవచ్చు. చలికాలమే కదా అనుకుంటారు గానీ, సముద్రం గాలికి ఇక్కడ చెమట బాగా పడుతుంది. మనిషికి మూడు లీటర్ల నీళ్లు మోసుకెళ్లండి.

బాట మీద పిల్ల మీ ఇద్దరి మధ్యలోనే నడవాలి. ముందుకు పరుగెత్తనివ్వకు, వెనక ఆగిపోనివ్వకు. చిరుత పగలు మనుషులకు ఎదురుపడటం అరుదు. ఒకవేళ కనబడితే వెనక్కి తిరిగి పరుగెత్తకూడదు. పిల్లను చంకన ఎత్తుకుని, దాన్నే చూస్తూ నెమ్మదిగా వెనక్కి అడుగులు వెయ్యాలి. దారి పక్క చెట్లకు ఆకులు కుట్టినట్టుగా ఎర్రచీమల గూళ్లు వేలాడుతుంటాయి, భుజం తగలనివ్వకండి. ఈ కాలంలో, ముట్టుకుంటే విపరీతంగా దురద పెట్టే దూలగొండి కాయలు ఎండి తీగలకు వేలాడుతుంటాయి. గోధుమరంగు నూగుతో మఖమల్లులా కనిపిస్తాయి కాబట్టి పిల్లలకు ముట్టుకోవాలనిపిస్తుంది. బయల్దేరే ముందే చెప్పి ఉంచండి. అంటుకుంటే రుద్దకూడదు, రుద్దితే నూగు ఇంకా లోపలికి దిగుతుంది. అంటుకునే టేపు అద్ది లాగి, తర్వాత నీళ్లతో కడగాలి.

ఉన్న బాటలన్నీ ఒక్క రోజులో చుట్టేయాలని చూడకు. ఒక్క బాట చాలు. మిగిలిన పొద్దు చెరువుకు ఇవ్వండి. నేను తీసుకెళ్లిన బడిపిల్లల్లో కొండ ఎక్కిన సంగతి గుర్తున్నవాళ్లు తక్కువ. చెరువు ఒడ్డున అరగంట నోరు మెదపకుండా కూర్చున్నప్పుడు ఏం చూశారో మాత్రం పెద్దవాళ్లయ్యాక కూడా చెబుతారు. మొదటి పది నిమిషాలు ఏమీ కనబడదు, పిల్ల విసుక్కుంటుంది. అప్పుడే లేచిపోవద్దు. మనం కదలడం మానేశాక మెల్లగా ఒక్కొక్కటే బయటికి వస్తాయి. నీటికాకి మోడు మీద వాలి రెక్కలు చాచి ఆరబెట్టుకుంటుంది. లకుముకి పిట్ట నీళ్లలోకి దూకి చేపతో లేస్తుంది. అదృష్టం ఉంటే తోకపిగిలిపిట్ట కొమ్మల మధ్య నుంచి పొడవాటి తెల్లటి తోకతో దూసుకెళ్తుంది. గట్టు బురద మీద గిట్టల అచ్చులు ఉంటాయి, అవి ఎవరివో పిల్లను ఊహించమను. ఒక చిన్న నోటు పుస్తకం, పెన్సిలు ఇచ్చి చూసినవి గీయమని చెప్పు. ఫోను మాత్రం చేతికివ్వకు. పాటల స్పీకరు అయితే ఇంటి గడపే దాటనివ్వకు, ఈ ఒక్క విషయంలో నేను నీతో తగువు పడతాను.

నీళ్లలోకి దిగడం వద్దు. గట్టు దగ్గర ఒండ్రులో కాలు దిగబడుతుంది, లోతు పైకి తెలియదు. పడవ ఎక్కితే లైఫ్ జాకెట్టు పట్టీలు బిగించాకే కదలనివ్వు. నీకూ కోడలికీ కూడా.

మనవరాలికి చలిమంట కావాలట. అడవిలో కుదరదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అభయారణ్యానికి ముప్పు కలిగేలా నిప్పు రాజెయ్యడాన్ని నిషేధిస్తోంది. చట్టం సంగతి అలా ఉంచు, జనవరి నాటికి రాలిన ఆకు గలగలలాడుతుంటుంది, ఒక్క నిప్పురవ్వ కొండంతా పాకిపోవడానికి చాలు. భోగి నాడు మా వీధిలో మంట వేస్తాం, పిల్లతో పిడకల దండ వేయిస్తాను. అడవికి వండిన తిండే తీసుకెళ్లండి. పులిహోర, చపాతీలు, ఉడికించిన గుడ్లు, మాడుగుల హల్వా. అన్నీ మూత బిగించిన స్టీలు డబ్బాల్లో పెట్టాలి. కోతులకు ఒక్క ముక్క కూడా వెయ్యొద్దు, అలవాటు పడితే మీ తర్వాత వచ్చినవాళ్ల చేతుల్లోంచి లాక్కుంటాయి. మెతుకులు, తొక్కలు అక్కడ పారేస్తే పందులూ కుక్కలూ వస్తాయి, వాటి వెనకే చిరుత వస్తుంది. చెత్త అంతా సంచిలో కట్టి ఇంటికి తెచ్చెయ్యి.

ఇక పాముల విషయం. భయపెట్టడానికి రాయడం లేదు, ఏం చెయ్యాలో తెలిస్తే భయం ఉండదు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర లాంటి విషసర్పాలు ఉండే నేల ఇది. రాత్రి ఎక్కువగా జాగ్రత్త పడాల్సింది కట్లపాముతో. అది చీకటి పడ్డాక తిరుగుతుంది, నేల మీద నిద్రపోతున్నవాళ్లను కరుస్తుంది. నొప్పి పెద్దగా ఉండదు, గాటు కూడా సరిగ్గా కనబడదు. అందుకే టెంటు జిప్పు ఎప్పుడూ మూసే ఉండాలి. బయట చాప వేసుకుని పడుకోవద్దు. చెప్పులు, బూట్లు లోపలే పెట్టుకుని, ఉదయం దులిపి తొడుక్కోండి, తేలు దూరి ఉండొచ్చు. రాత్రి బయటికి వెళ్లాల్సి వస్తే టార్చి వేసి, బూట్లు తొడుక్కునే అడుగు బయట పెట్టాలి. ఎవరికైనా నిద్రలో కడుపునొప్పి వచ్చినా, కనురెప్పలు వాలిపోతున్నా, అజీర్తి అనుకుని తెల్లవారే దాకా ఆగొద్దు. కాటు పడిందని తెలిసినా, అనుమానం వచ్చినా కొయ్యడం, నోటితో పీల్చడం, తాడు బిగించడం, పసరు మందు వెయ్యడం, ఇవేవీ చెయ్యకూడదు. ఉంగరాలు తీసేసి, ఆ కాలో చెయ్యో కదలకుండా ఉంచి, 108కి ఫోను చేసి ఆసుపత్రికి చేర్చాలి. విమ్స్ ఆసుపత్రి హనుమంతవాక దగ్గరే ఉంది, ఊళ్లో కింగ్ జార్జి ఆసుపత్రి ఉంది. విరుగుడు ఆసుపత్రిలో ఇచ్చే ఇంజెక్షనే. పామును వెతకడానికి, పట్టడానికి ఒక్క నిమిషం కూడా పోగొట్టుకోవద్దు.

చాలామంది పట్టించుకోని జాగ్రత్త ఇంకొకటుంది. పొదల్లోనూ గడ్డిలోనూ ఉండే, కంటికి కనబడనంత చిన్న పురుగు కుడితే స్క్రబ్ టైఫస్ అనే జ్వరం వస్తుంది. గడ్డి మీద నేరుగా కూర్చోవద్దు. పొడుగు చేతుల చొక్కా, సాక్సుల్లోకి దోపిన ప్యాంటు వేసుకోండి. ఇంటికి రాగానే స్నానం చేసి, బట్టలు వేడినీళ్లలో వేసి, పిల్ల చంకలు, గజ్జలు, చెవుల వెనక చూడమని కోడలికి చెప్పు. తర్వాత మూడు వారాల లోపు జ్వరం వచ్చినా, ఒంటి మీద కాలినట్టు నల్లటి పెచ్చు కట్టినా, అడవికి వెళ్లొచ్చామని డాక్టరుకు మొదటే చెప్పండి. త్వరగా పట్టుకుంటే మందులకు బాగా లొంగే జబ్బు.

కొండల మధ్య సిగ్నలు తగ్గిపోవచ్చు. లోపలికి వెళ్లే ముందు ఎన్నింటికి తిరిగి వస్తారో నాకు చెప్పు, ఆ వేళకు గంట దాటితే నేను గేటుకు ఫోను చేస్తాను. టెంటు కింద పరవడానికి మందపాటి టార్పాలిన్ మా ఇంట్లోనే ఉంది, కొనకు. పిల్ల బూట్లు కొత్తవైతే ఇప్పటి నుంచే రోజూ కాసేపు తొడిగి నడిపించండి. అనుమతి రాగానే తేదీ తెలియజెయ్యి.

ఆశీస్సులతో,
అత్తయ్య
మధురవాడ, విశాఖపట్నం